ఏడో తరగతి లోలకం పాఠం అన్వేషణ పద్ధతిలో: మనం చెప్పాల్సిందెంత, ఆపుకోవాల్సిందెంత?

ప్రశ్న: పీఎస్_టీచర్

ఏడో తరగతి, చలనం - కాలం పాఠం. 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. ల్యాబ్ గది లేదు, బెంచీలు కదపడానికి చోటు లేదు. స్టాప్‌వాచ్ అంటే నా ఫోను ఒక్కటే. లోలకం కృత్యాన్ని నేను ముందు నిలబడి చేసి చూపించడం కాకుండా, పిల్లలే ప్రశ్న వేసుకుని, కొలిచి, తేల్చుకునేలా నడపాలనుంది. మూడు చోట్ల బండి ఆగిపోతోంది.

ఒకటి: "మీరే కనుక్కోండి" అని వదిలేస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దారం తిప్పుతూ కూర్చుంటారు. పోనీ అని దశలన్నీ బోర్డు మీద రాసేస్తే అది డ్రిల్లు పీరియడ్ అయిపోతుంది.

రెండు: గైడు చదివొచ్చిన ఇద్దరు ముగ్గురు మొదటి నిమిషంలోనే "బరువు మీద ఆధారపడదు సార్, పొడవు మీదే" అనేస్తారు. ఇక మిగతావాళ్లకు వెతకడానికి ఏముంటుంది?

మూడు, అన్నిటికంటే పెద్దది: ఎనిమిది గ్రూపులకు ఎనిమిది రకాల అంకెలు వస్తాయి. సగం గ్రూపులు "బరువు పెరిగితే నెమ్మదిగా ఊగుతుంది" అని తేలుస్తాయి. "కాదు, పుస్తకంలో ఇలా ఉంది" అంటే వాళ్లు కొలిచిందంతా ఉత్తదైపోతుంది. అనకపోతే తప్పు నేర్చుకుని ఇంటికి పోతారు. చేసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

జవాబు 1: పూలదారం_నట్టు

సార్, మీ మొదటి సందేహంలోనే కీలకం ఉంది. అన్వేషణ అంటే అన్నీ వదిలేయడం కాదు. కొలిచే పద్ధతి మనం గట్టిగా నేర్పాలి. ఏం కొలవాలో, దాని నుంచి ఏం తేలిందో వాళ్లకు వదలాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: కొలత గాలికి వదిలేసి, ముగింపు మాత్రం బోర్డు మీద రాసిస్తారు.

ముందు సామాను. అయిదుగురేసి ఎనిమిది గ్రూపులు అనుకుందాం. ఒక్కో గ్రూపుకి: ఒక బైండర్ క్లిప్, మీటరు పొడవు పూలు కట్టే దారం, ఒకే సైజు ఇనప నట్లు ఆరు, విప్పి కొక్కెంలా వంచిన జెమ్ క్లిప్ ఒకటి, సెంటీమీటర్లున్న టైలర్ టేపు. క్లిప్‌ను బెంచీ అంచుకి టేపుతో గట్టిగా అంటించి, దారాన్ని దాని నోట్లో నొక్కిపెట్టాలి. పొడవు మార్చాలంటే క్లిప్ తెరిచి దారం జరిపితే చాలు, ముడులు విప్పే పని లేదు. పురికొస వద్దు, పురి విప్పుకుంటూ నట్టు బొంగరంలా తిరుగుతుంది. బెంచీ ఎత్తు వల్ల 60 సెం.మీ. దాకానే కుదురుతుంది. అంతకు మించి కావాలంటే కిటికీ ఊచకి కట్టుకోవాలి.

గడియారం సమస్యకు తేలిక దారి ఉంది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 20 డోలనాలకు (ఒకసారి వెళ్లి తిరిగి రావడం ఒక డోలనం) పట్టే కాలం కొలవమనేవారు. మీకు ఉన్నది ఒక్క ఫోనే కాబట్టి తిరగేయండి: కాలం అందరికీ ఒకటే, 30 సెకన్లు. మీరు "వదలండి" అన్నప్పుడు ఎనిమిది గ్రూపులూ ఒకేసారి వదులుతాయి, "ఆపు" అనేదాకా లెక్కపెడతాయి. డోలనావర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే కాలం, కావాలంటే తర్వాత 30ని ఆ లెక్కతో భాగిస్తే సరి. ఇంకో లాభం, క్లాసంతా ఆ 30 సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అల్లరిని ఆపడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

మొదటి పీరియడ్:

మొదటి 8 నిమిషాలు. మీ చేతిలో రెండు లోలకాలు. ఒకటి 20 సెం.మీ. దారానికి ఒక నట్టు, రెండోది 60 సెం.మీ. దారానికి నాలుగు నట్లు. ఊపండి. రెండోది నెమ్మదిగా ఊగడం అందరికీ కనిపిస్తుంది. "ఎందుకు?" అని అడగండి. కావాలనే రెండు విషయాలు ఒకేసారి మార్చాం కాబట్టి క్లాసు రెండుగా చీలుతుంది, కొందరు దారం అంటారు, కొందరు బరువు అంటారు. ఇంకొందరు "మీరు దాన్ని ఎక్కువ దూరం లాగారు" అంటారు. మూడూ బోర్డు మీద రాయండి. ఏది ఒప్పో చెప్పకండి.

తర్వాత 12 నిమిషాలు, ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం. ఎవరి ప్రశ్న వాళ్లకు ఇవ్వకముందే ఎనిమిది గ్రూపులూ ఒకే లోలకం చేయాలి: 40 సెం.మీ., ఒక నట్టు. 30 సెకన్లు లెక్క. రావాల్సింది 23కీ 24కీ మధ్య. ఎనిమిది అంకెలూ బోర్డు మీద వేయండి. 22 వచ్చినవాళ్లు, 26 వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. "అందరం చేసింది ఒకే లోలకం కదా, మరి అంకెలెందుకు వేరయ్యాయి?" అనే ప్రశ్న అప్పుడు వాళ్లకే పుడుతుంది. ఒకరి పద్ధతి ఇంకొకరు చూసి సరిచేసుకుని మళ్లీ కొలుస్తారు. అందరూ ఒక డోలనం తేడాలోకి వచ్చేదాకా ముందుకు పోకండి. మీ మూడో సందేహంలో సగం ఇక్కడే తీరిపోతుంది.

మిగిలిన సమయంలో పంపకం: మూడు గ్రూపులకు పొడవు, మూడింటికి బరువు, రెండింటికి లాగే దూరం. ఏ ప్రశ్నకూ ఒక్క గ్రూపే ఉండకూడదు, పోల్చుకోవడానికి తోడు కావాలి. కొలవకముందు ప్రతి గ్రూపూ రెండు వాక్యాలు రాయాలి: "మేం మార్చేది ఇది, మార్చకుండా ఉంచేవి ఇవి", "ఇలా అవుతుందని అనుకుంటున్నాం, ఎందుకంటే...". ఆ కాగితం మీకు చూపించాకే నట్లు ఇవ్వండి. ఒక్కో అమరికకు మూడుసార్లు కొలవాలి.

రెండో పీరియడ్: మొదటి పావుగంట గ్రూపులు తమ అంకెలు చెప్పడం, పక్క గ్రూపు ప్రశ్నించడం, తేడా ఉంటే అక్కడికక్కడే మళ్లీ కొలవడం. తర్వాత బోర్డు పైన ఒక తాడు కట్టి, దాని మీద 18 నుంచి 40 దాకా అంకెల చీటీలు అంటించండి. పొడవు గ్రూపులు తమ లోలకాలను, ఎన్ని ఊపులు వస్తే ఆ అంకె కింద వేలాడదీస్తాయి. 15, 20, 30, 40, 50, 60 సెం.మీ. లోలకాలు వరసగా వేలాడుతుంటే వాటి కింది చివరలు ఒక వంపులా కనిపిస్తాయి. అదే గ్రాఫు. గ్రాఫు కాగితం మీద గీయడానికి ముందు దాన్ని చూపించాలి.

చివరి పావుగంటకి సవాలు: "30 సెకన్లలో సరిగ్గా 20 సార్లు ఊగే లోలకం చేయండి. దారం కోసేముందు పొడవు ఎంతో రాసివ్వండి." ఇది గైడులో ఉండదు.

---

జవాబు 2: సున్నాతో_మొదలు

పై ప్రణాళికకు చేర్పు. అంకెలు ఎందుకు తప్పుతాయో కారణాలు తెలిసి ఉంటే, పిల్లల్ని సరైన చోట అడగొచ్చు. మీ దగ్గర పెట్టుకోవడానికి ముందు రావాల్సిన అంకెలు (30 సెకన్లలో):

15 సెం.మీ. – 38.6
20 – 33.4
25 – 29.9
30 – 27.3
40 – 23.6
50 – 21.1
60 – 19.3

ఈ పట్టిక మీ జేబులోనే ఉండాలి, బోర్డు మీదకి రాకూడదు.

ఇక తప్పులు.

లెక్క ఒకటితో మొదలుపెట్టడం. వదలగానే "ఒకటి" అంటారు. అప్పటికి డోలనం పూర్తి కాలేదు. వదిలేటప్పుడు "సున్నా", వెళ్లి తిరిగి అదే చేతి దగ్గరికి వచ్చాక "ఒకటి". అందరికీ ఒకటి చొప్పున ఎక్కువ వస్తుంటే కారణం ఇదే. ఇంకొందరు పోవడం ఒకటి, రావడం ఒకటి అని లెక్కేస్తారు, వాళ్లకు 47 వస్తుంది. ఇది పట్టుకోవడం తేలిక.

పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి. క్లిప్ నోటి నుంచి నట్టు మధ్యకి కొలవాలి. దారం చివరిదాకా కొలిచి, కొక్కెం, నట్టు కలిపి ఇంకో 2 సెం.మీ. వదిలేశారనుకోండి. 60 సెం.మీ. దగ్గర పెద్దగా తేలదు, 20 సెం.మీ. దగ్గర మాత్రం 33.4 రావాల్సింది 31.9 వస్తుంది.

ఇప్పుడు మీ "బరువు పెరిగితే నెమ్మది" గ్రూపులు. వాళ్లు అబద్ధం కొలవలేదు సార్. నట్ల కింద నట్లు గొలుసులా కట్టి ఉంటారు. నట్లు పెరిగేకొద్దీ బరువు మధ్య బిందువు కిందికి జారుతుంది, అంటే లోలకం పొడవు పెరిగింది. 30 సెం.మీ. లోలకం నట్ల వల్ల 35 సెం.మీ. అయితే 27.3 కాస్తా 25.3 అవుతుంది. రెండు డోలనాల తేడా, కొలతలో స్పష్టంగా పడుతుంది. వాళ్లు "బరువు" మారుస్తున్నామనుకుని పొడవు కూడా మార్చారు. అందుకే కొక్కెం: నట్లన్నీ ఒకే కొక్కేనికి, ఒకే చోట గుత్తిలా వేలాడాలి. కానీ ఈ జాగ్రత్త ముందే చెప్పకండి. ఒక బరువు గ్రూపుని గొలుసులా కట్టనివ్వండి, ఇంకోటి కొక్కేనికి తగిలిస్తుంది. రెండు గ్రూపుల ఫలితాలు కొట్టుకున్నప్పుడు రెండు లోలకాలూ పక్కపక్కన వేలాడదీసి "వీటిలో నట్లు కాక ఇంకేం తేడా ఉంది?" అని అడగండి. నియంత్రిత చరరాశి (ప్రయోగంలో మార్చకుండా ఉంచాల్సిన అంశం) అనే మాటకి ఇంతకంటే మంచి నిర్వచనం దొరకదు.

లాగే దూరం. ఇక్కడ పుస్తకం కంటే పిల్లలే ఎక్కువ నిజం చెబుతారు. కొద్దిగా లాగి వదిలితే తేడా ఉండదు: 15 డిగ్రీల దగ్గర డోలనావర్తన కాలం అర శాతం కూడా పెరగదు. 30 డిగ్రీల దగ్గర దాదాపు 1.7 శాతం, 60 డిగ్రీల దగ్గర 7 శాతం పైనే పెరుగుతుంది. 50 సెం.మీ. లోలకాన్ని 60 డిగ్రీలు లాగి వదిలితే 30 సెకన్లలో దాదాపు ఒకటిన్నర డోలనం తక్కువ వస్తుంది. ఊపు తగ్గుతూ పోతుంది కాబట్టి తేడా ఇంకా కాస్త మసకబారుతుంది. "ఎక్కువ లాగితే కొంచెం నెమ్మది" అన్న గ్రూపుకి నూటికి నూరు మార్కులు. గెలీలియో సైతం ఎంత లాగినా కాలం ఒకటే అని నమ్మాడు. 1656లో లోలక గడియారం చేసిన హైగెన్స్ ఆ మాట చిన్న ఊపులకే చెల్లుతుందని తేల్చాడు.

కాబట్టి పొడవు, బరువు గ్రూపులకు ఒక నియమం: దారం పొడవులో అయిదో వంతు మాత్రమే పక్కకు లాగాలి. 50కి 10 సెం.మీ., 30కి 6. అది 11, 12 డిగ్రీలకు మించదు.

చిన్నవి ఇంకో రెండు. నెట్టకూడదు, వేళ్లు విప్పి వదలాలి. బెంచీ మీద మోచేతులు ఆనించకూడదు, బెంచీ ఊగితే లోలకం అండాకారంలో తిరగడం మొదలుపెడుతుంది.

---

జవాబు 3: ఎదురుప్రశ్న

సామాను, అంకెలు బాగా చెప్పారు. రెండో సందేహం గురించి నేను.

గైడు చదివొచ్చిన పిల్లాడు "పొడవు మీదే సార్" అన్నప్పుడు మనం చేసే తప్పు "వెరీ గుడ్" అనడం. ఆ ఒక్క మాటతో 39 మంది నోట్‌బుక్కులు మూసేస్తారు. తిట్టడమూ తప్పే, చదివి రావడం నేరం కాదు. ఆ మాటను బోర్డు మీద మిగతా ఊహల వరసలోనే, వాడి పేరుతో రాసి, "మంచిది, దీన్ని నమ్మని పక్క గ్రూపుకి ఎలా చూపిస్తావు?" అని అడగండి. జవాబు తెలిసినవాడికి రుజువు చూపించే పని ఇచ్చాం. తొంభై పాళ్లు వాడే మొదటి ప్రయత్నంలో నట్లు గొలుసులా కడతాడు!

ప్రశ్న వేశాక ఆగడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు క్లాసుల టేపులు విని తేల్చిన విషయం: టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగుతారు. అది మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయి, "తెలియదు"లు తగ్గుతాయి, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేస్తారు. ఇందులో రెండో సగాన్ని మనం మరిచిపోతాం: పిల్లాడు జవాబు చెప్పాక కూడా మూడు సెకన్లు ఆగాలి. వాడు "ఎందుకంటే..." అని కొనసాగించేది ఆ ఖాళీలోనే. మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మనసులో మెల్లగా అంకెలు లెక్కపెట్టుకోండి.

గ్రూపుల మధ్య తిరుగుతున్నప్పుడు నోట్లో ఉంచుకోవాల్సిన ప్రశ్నలు నాలుగైదు చాలు:

"ఇప్పుడు ఏం మార్చావు? ఇంకేమైనా మారిందా?"
"మళ్లీ చేస్తే ఇదే అంకె వస్తుందా?"
"24, 23న్నర: ఇది తేడానా, మన చేతి వాటమా?"
"పక్క గ్రూపు నీ మాట ఒప్పుకోకపోతే ఏం చూపిస్తావు?"

మూడోది చాలా విలువైనది. మూడుసార్లు కొలిస్తే ఒకే అమరికకి 27, 27న్నర, 27 వస్తాయి. అంటే అర డోలనం తేడా మన లెక్కింపు వల్లే వస్తుంది. మరి ఒక నట్టుకి 27, నాలుగు నట్లకి 27న్నర వస్తే బరువు ప్రభావం ఉన్నట్టా లేనట్టా? దీని మీద ఏడో తరగతి పిల్లలు పది నిమిషాలు వాదించుకోగలరు. వాదించుకోనివ్వండి.

గ్రూపులో పనులు పంచండి: వదిలేవారు, లెక్కపెట్టేవారు ఇద్దరు (ఒకరికి తెలియకుండా ఒకరు లెక్కపెట్టి చివర్లో పోల్చుకోవాలి), పొడవు కొలిచేవారు, రాసేవారు. ప్రతి అమరికకీ పనులు మారాలి. మార్చకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముత్యాల్లాంటి అక్షరాలని ఆడపిల్లల చేత రాయిస్తారు, నట్లు మగపిల్లల చేతుల్లోంచి కదలవు.

---

పీఎస్_టీచర్

గొలుసు సంగతి నాకు తట్టనే లేదు. ఇంకో రెండు అడుగుతాను. 20 ఊపుల సవాలుకి సరైన పొడవెంత? రెండోది, ప్రతి పాఠం ఇలా రెండు పీరియడ్లు తింటే సిలబస్ ఏ నెలకి అవుతుంది? స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశంలో) మొదట అడిగేది అదే.

---

జవాబు 4: సిలబస్_గుర్రం

పొడవు 56 సెం.మీ. (కచ్చితంగా 55.9). 50కి 21.1, 60కి 19.3 అని వాళ్ల గ్రాఫులో ఉంటుంది కాబట్టి 55 నుంచి 57 మధ్య రాసిచ్చిన గ్రూపు గ్రాఫు చదవడం నేర్చుకున్నట్టే. "20 సెం.మీ." అని రాసిచ్చిన గ్రూపుతో మళ్లీ తాడు దగ్గరికి వెళ్లండి.

రెండో ప్రశ్నకి నా జవాబు కొంచెం చేదు. ప్రతి పాఠం ఇలా చేయకండి. చేయకూడదు కూడా.

పిల్లలు కనుక్కోలేనివి బోలెడు ఉన్నాయి. సెకను అంటే ఎంత, వేగానికి ప్రమాణం ఏమిటి, అమ్మీటరు గుర్తు ఎలా ఉంటుంది, డోలనం అని దేన్ని పిలుస్తాం: ఇవి మనుషులు ఒప్పుకున్న కట్టుబాట్లు. వీటిని "ఊహించండి పిల్లలూ" అనడం కాలయాపన. నేరుగా చెప్పి, రెండు ఉదాహరణలిచ్చి ముందుకెళ్లాలి. యాసిడ్, ఇంటి కరెంటు లాంటి చోట అయితే చెప్పడమే కాదు, హద్దు గీయాలి. తక్కువ మార్గదర్శనంతో వదిలేసే బోధన కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనిచేయదని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు గట్టిగా వాదించారు: ఒకేసారి వెతకడం, గుర్తుపెట్టుకోవడం, కొలవడం అన్నీ మీద పడితే బుర్ర నిండిపోతుందని. మరుసటి ఏడాదే వచ్చిన ఎదురు వాదన, మంచి అన్వేషణ పాఠంలో మార్గదర్శనం దండిగా ఉంటుంది కదా అని. ఈ చర్చలో పైవాళ్లు చెప్పిన 40 సెం.మీ. ఉమ్మడి కొలత సరిగ్గా ఆ మార్గదర్శనమే. దాన్ని ఎగ్గొడితే కిర్ష్‌నర్ వాళ్ల విమర్శ మనకి అక్షరాలా వర్తిస్తుంది.

అన్వేషణలో మెట్లు ఉన్నాయి. ప్రశ్న, పద్ధతి, జవాబు: ఈ మూడింటిలో ఎన్ని టీచర్ ఇస్తున్నారో చూస్తే చాలు.

మూడూ ఇస్తే నిర్ధారణ. "లోలకం కాలం బరువు మీద ఆధారపడదు, చేసి చూడండి."
ప్రశ్న, పద్ధతి ఇచ్చి జవాబు ఇవ్వకపోతే రెండో మెట్టు.
ప్రశ్న మాత్రమే ఇస్తే మూడోది. పైన చెప్పిన పాఠం రెండో మెట్టు మీద మొదలై మూడో దాని మీద ముగుస్తోంది.
ప్రశ్న కూడా వాళ్లదే అయితే నాలుగోది. ఇది ఏడాదికి ఒకసారి, సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకి.

సంవత్సరం మొదట్లో రెండు మూడు పాఠాలు రెండో మెట్టు మీద చేస్తే పిల్లలకి పట్టిక గీయడం, మూడుసార్లు కొలవడం అలవాటవుతుంది. ఆ తర్వాత ఒక యూనిట్‌కి ఒకటి మూడో మెట్టు. మిగతాది మామూలు బోధనే. ఈ లెక్కన పోతే సిలబస్ వెనకబడదు, ఎందుకంటే ఇదే పాఠంలో వచ్చే గ్రాఫులు గీయడం, సగటు తీయడం వేరే పీరియడ్లో చెప్పాల్సిన పని తప్పుతుంది.

ఏ పాఠాలు ఎంచుకోవాలంటే నా కొలబద్ద: రెండు మూడు కారణాలు పోటీ పడాలి, 20 నిమిషాల్లో ఒక కొలత పూర్తవ్వాలి, పిల్లల సహజమైన ఊహ తప్పవ్వాలి. లోలకం మూడింటికీ సరిపోతుంది. తడిబట్ట ఆరడం, కరెంటు అయస్కాంతం ఎన్ని గుండుసూదులు ఎత్తుతుంది, నీళ్లలో ఉప్పు కరిగే వేగం కూడా సరిపోతాయి.

ఇది పెద్ద బడ్జెట్ బడుల సరదా అని ఎవరైనా అంటే హోషంగాబాద్ గుర్తుచేయండి. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లలో, గ్రామీణ ప్రభుత్వ బడుల్లోనే, చవక కిట్టుతో ప్రయోగాల ఆధారంగా సైన్సు మొదలుపెట్టారు. 1978కి జిల్లా అంతా విస్తరించింది. పరీక్షకి పిల్లలు తమ పుస్తకం, నోట్‌బుక్కు తెచ్చుకోవచ్చు, ప్రయోగం కూడా పరీక్షలో భాగమే. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసేదాకా ముప్ఫై ఏళ్లు నడిచింది. అక్కడ గట్టిగా పట్టుకున్న విషయం ఒకటుంది: పరీక్ష మారకపోతే పద్ధతి నిలవదు.

---

జవాబు 5: మొలకల_మేడమ్

జీవశాస్త్రం వాళ్ల తరఫున ఒక్కటి, ఎందుకంటే అక్కడ కొలత 20 నిమిషాల్లో అవదు. పై సార్ కొలబద్దలో మేం పడం!

"విత్తనం మొలకెత్తడానికి వెలుతురు కావాలా?" పిల్లల్లో ఎక్కువమంది కావాలంటారు. ఇంట్లో పెసలు గుడ్డలో మూటకట్టి చీకట్లో మొలకలు చేయడం రోజూ చూసినవాళ్లే అలా అంటారు. ఆ రెండూ ఢీకొట్టించడమే పాఠం. రెండు గ్లాసులు, తడిపి పిండిన గుడ్డ, ఒక్కోదాంట్లో 20 పెసలు. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి అట్టపెట్టెలో. 24 గంటలకు, 48 గంటలకు మొలిచినవి లెక్కపెట్టాలి. మొలక అంటే ఏది? వేరు 2 మి.మీ. బయటికి వస్తే మొలక, అని ముందే తేల్చుకోవాలి. లేకపోతే రెండో రోజు తగాదా.

తప్పేవి: మూడు నాలుగు గింజలతో చేయడం. ఒక గింజ చచ్చుదైతే పాతిక శాతం ఎగిరిపోతుంది, అందుకే 20. కిటికీ దగ్గర గుడ్డ ఎండిపోవడం, పెట్టెలో తడిగా ఉండటం: అప్పుడు మారింది వెలుతురు కాదు, నీళ్లు. (నట్ల గొలుసు కథే ఇది.) రెండింటికీ పైన ప్లాస్టిక్ కవరు వేసి రెండు మూడు చిల్లులు పెట్టండి. నీళ్లు నిలవుంటే కుళ్లి వాసన వస్తుంది. విత్తనాల షాపులో రంగు పట్టించి అమ్మేవి తేకండి, వాటికి పురుగుమందు ఉంటుంది, పిల్లలు చేత్తో పట్టుకోకూడదు. కిరాణా కొట్టు పెసలు చాలు, పప్పు మాత్రం కాదు.

పీరియడ్ ఖర్చు: మొదటిరోజు 25 నిమిషాలు, తర్వాత రెండు రోజులు ప్రేయర్ అయ్యాక అయిదేసి నిమిషాలు.

---

జవాబు 6: సున్నాతో_మొదలు

పరీక్ష మారాలన్న మాట మీద. రాష్ట్రస్థాయి మన చేతిలో లేదు గానీ స్లిప్ టెస్ట్ పేపరు మన చేతిలోదే. "లోలకం దేని మీద ఆధారపడుతుంది?" అని అడిగితే గైడు గెలుస్తుంది. ఇలా అడగండి:

"ఒక గ్రూపు 30 సెం.మీ. దారానికి ఒక నట్టు కట్టి 27 డోలనాలు లెక్కించింది. 45 సెం.మీ. దారానికి మూడు నట్లు కట్టి 22 లెక్కించింది. బరువు పెరిగితే డోలనాలు తగ్గుతాయని రాసింది. (అ) ఈ ముగింపు ఎందుకు చెల్లదు? (ఆ) బరువు ప్రభావం తెలియాలంటే ఇంకే కొలత తీసుకోవాలి?"

విద్యా ప్రమాణాల్లో ఇది "ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం" కిందికీ, "ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు" కిందికీ వస్తుంది, కాబట్టి రికార్డులో చూపించడానికి ఇబ్బంది లేదు. ప్రయోగ రికార్డు దిద్దేటప్పుడు ముగింపు పుస్తకంతో కలిసిందా అని కాక, వాళ్ల పట్టికతో కలిసిందా అని చూడండి. పట్టికలో 27, 25, 24 ఉండి కింద "బరువు మీద ఆధారపడదు" అని రాసిన పిల్లాడికి మార్కు తీసేయాలి. అంకెలు దిద్ది కొట్టేసినవాళ్లని మాత్రం ఏమీ అనకండి. కొట్టేసిన అంకె పక్కన కారణం రాయమనండి.

---

పీఎస్_టీచర్

చాలా ఉపయోగం. నట్లు ఏ సైజు తీసుకోవాలి? ఒక గ్రూపు అంకెలు రెండో పీరియడ్ అయ్యాక కూడా తేడాగానే ఉంటే?

---

జవాబు 7: పూలదారం_నట్టు

10 ఎంఎం బోల్టుకి పట్టే నట్టు. అంతకంటే చిన్నవి తేలిగ్గా ఉండి ఊపు త్వరగా చస్తుంది, 30 సెకన్లకి లెక్కపెట్టడం కష్టం. ఎనిమిది గ్రూపులకి 48, ఇంకో నాలుగు జేబులో.

తేడా తీరని గ్రూపు ఉంటే వాళ్ల అంకెలు బోర్డు మీద అలాగే ఉండనివ్వండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. వాళ్ల లోలకాన్ని విప్పకుండా కిటికీ ఊచకి కట్టండి. ఇంటర్వెల్లో ఎవరో ఒకరు దాని దగ్గర నిలబడి లెక్కపెడతారు. పొడవు గ్రూపు అయితే మొదట టేపు చూడండి: టైలర్ టేపుకి ఒకవైపు అంగుళాలు ఉంటాయి.